డోలీ ఎక్కిన బురద

జీపు వచ్చిన రోజున లోతుపాలెం ఆఫీసులో కొబ్బరికాయ కొట్టారు, దండ వేశారు, ఫోటో దిగారు. అంతా అయ్యాక సూపరింటెండెంటు భానుమూర్తి గారు కళ్ళజోడు సర్దుకుని జీపు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, వెనక చక్రం దగ్గర ఆగి, గుమ్మంలో పామును చూసినట్టు చూశారు.

"దీని వెనక ఏమీ లేదేమిటి?" అన్నారు.

డ్రైవరు బొంజుబాబు వంగి చూశాడు. నిజమే. చక్రాల వెనక వేలాడుతూ బురద చిమ్మకుండా ఆపే మడ్‌ఫ్లాపులు లేవు. నాలుగు చక్రాలకు నాలుగు రబ్బరు ముక్కలు ఉండాలి. ఒక్కటీ లేదు.

"ఇదో పనేటి బాబూ! నర్సీపట్నంలో టైర్ల కొట్టు కాసింవలీ ఉన్నాడు. పాత టైరు కోసి, నాలుగు బోల్టులు బిగించీస్తాడు. మీరు టీ తాగి గ్లాసు కింద ఎట్టీలోగా అయిపోద్ది."

భానుమూర్తి గారు నవ్వారు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు లోకం తెలియనివాడి మీద జాలిపడి నవ్వే నవ్వు అది.

"అది రబ్బరు ముక్క కాదోయ్. పంక నిరోధక ఫలకము. కొండ వాహనముల నిర్వహణ నియమావళి, పద్నాలుగో నిబంధన. 'పంక నిరోధక ఫలకములు లేని వాహనము కార్యాలయ ద్వారము దాటరాదు.' ఆ జీపు గేటు దాటితే దాని వెనకాలే నా పింఛనూ దాటిపోతుంది."

ఈ ఆఫీసు పేరు కొండ ప్రాంత రాకపోకల సంస్థ. ఆఫీసులో రావడం పదకొండింటికి, పోవడం నాలుగింటికి. మధ్యలో జరిగేది కొండకు తెలియదు.

కొండమీద పనసలమెట్ట అని ముప్పై ఎనిమిది గడపల ఊరు ఉంది. దానికి రోడ్డు లేదు. రాళ్ళ బాట, మధ్యలో గెడ్డ అనే కొండవాగు ఒకటి, వానొస్తే మోకాలి లోతు బురద. పన్నెండేళ్ళు అర్జీలు పెట్టి, ధర్నాలు చేసి, ఒకసారి డైరెక్టరు గారి కారుకు అడ్డంగా పడుకుని మరీ ఆ ఊరివాళ్ళు సంపాదించుకున్న జీపు ఇది. రోడ్డు అడిగితే జీపు ఇచ్చారు. పోనీలే, అదైనా వచ్చింది అనుకున్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. రాయికి జడవదు, గెడ్డకు జడవదు. గేటు దగ్గర మాత్రం ఆగిపోయింది.

బొంజుబాబుది ఆ ఊరే. చెల్లెలు చిలకమ్మను ఇచ్చిందీ ఆ ఊళ్ళోనే. దాని మొదటి కాన్పుకు డోలీ కట్టారు. డోలీ అంటే పల్లకీ కాదు. కర్రకు తాళ్ళతో దుప్పటి కట్టి, అందులో మనిషిని ముడిచి పడుకోబెట్టి, ముందొకడు వెనకొకడు భుజాన మోయడం. అలా మోసుకొస్తుంటే గెడ్డ దగ్గరే నొప్పులు ముదిరాయి. నీళ్ళు దాటేలోగా కాన్పు అయిపోయింది. బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు చిలకమ్మకు మళ్ళీ నెలలు. ఆషాఢంలో కాన్పు అని నర్సమ్మ చెప్పింది.

"ఈపాలి డోలీ లేదు సెల్లీ. జీపెక్కి రాణీలాగ దిగుదువుగాని," అని బొంజుబాబు ఫోనులో మాటిచ్చేశాడు. అప్పటికి అది ఫాల్గుణం. నాలుగు రబ్బరు ముక్కలు తగిలించడానికి నాలుగు నెలలు చాలవా?

ఎందుకు చాలుతాయి!

*

మొదటి నెలలో ఫలకముల ఎంపిక సంఘం వేశారు. ఆరుగురు సభ్యులు. ఆరుగురిలో కాలికి బురద అంటినవాడు ఒక్కడూ లేడు. అధ్యక్షులు డైరెక్టరు హరనాథ్ గారు. ఆయన ఈ మధ్యే ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. వచ్చినప్పటి నుంచి నోరు తెరిస్తే డేటా.

"డేటా లేకుండా నేను ఇడ్లీ కూడా తుంచను," అన్నారు ఆయన, బల్ల మీద ఇడ్లీ తుంచుతూ. "ఎన్ని రకాల ఫలకాలున్నాయి?"

"మూడు సార్," అన్నారు భానుమూర్తి గారు. "ఒకటి రబ్బరు. రెండు ప్లాస్టిక్. మూడు కొబ్బరి పీచు. మూడవది స్వదేశీ కనుక గౌరవార్థం చేర్చాం."

"మంచిది. శాస్త్రీయంగా ఎంపిక చేయండి."

బొంజుబాబును గుమ్మం దగ్గర నిలబెట్టారు. క్షేత్రస్థాయి అనుభవం అనే గడి ఒకటి ఫారంలో ఉంది. ఆ గడి అతనే.

"బాబూ, ఒక్క మాట," అన్నాడు బొంజుబాబు. "ఈ రబ్బర్లు ఎనకొచ్చేవోళ్ళ మీద బురద పడకుండా గదండీ? ఆ కొండ మీద జీపెనకాల ఎవులొస్తారండి? వస్తే ఒక మేకొస్తాది. దానికి బురదడ్డా ఏటీ అనుకోదు."

గుమస్తాలు కలాలు ఎత్తి పట్టుకున్నారు. ఈ ప్రశ్నతో సంఘం మొత్తం కూలిపోతుందేమో అని ఒక క్షణం అనిపించింది. కానీ సంఘం అంత తేలిగ్గా కూలేది కాదు.

"వెనక ఎవరూ రారని నీ దగ్గర డేటా ఉందా?" అడిగారు డైరెక్టరు గారు.

"డేటా ఏటండీ, నా కళ్ళుండాయి గదా."

"కళ్ళు కొలమానం కాదు. భానుమూర్తి గారూ, వెనక వచ్చేవాడు లేడు కాబట్టి ఫలకం పనితీరు తెలుసుకునే వీలు లేదు. కనుక వెనక వచ్చేవాడిని మనమే నియమించాలి."

అలా పుట్టింది అనుగామి పోస్టు. చరిత్రలో ఎమ్మే చేసి, సర్కారు పరీక్ష రాసి, పోయిన నెలలోనే చేరిన జూనియర్ అసిస్టెంటు ధనుంజయకు అది దక్కింది. విధి: తెల్లచొక్కా తొడుక్కుని జీపు వెనక పదడుగుల దూరంలో నడవడం. ఆఫీసు మూడు తెల్లచొక్కాలు ఇచ్చింది, ఫలకానికి ఒకటి చొప్పున. ఏ చొక్కా మీద తక్కువ మరకలు పడితే ఆ ఫలకం గెలిచినట్టు.

"ఇంకెవరూ దొరకలేదా అన్నా?" అన్నాడు ధనుంజయ బయటికొచ్చి.

"నాకూ దొరకలేదు తమ్ముడూ, ఇంకో ఆఫీసు," అన్నాడు బొంజుబాబు.

*

పరీక్షకు బురద కావాలి. ఆఫీసు ఆవరణంతా సిమెంటు. జీపు బురద దగ్గరికి పోదామంటే, ఫలకం లేనిదే గేటు దాటకూడదు. ఫలకం ఎంపిక కావాలంటే బురదలో పరీక్ష జరగాలి. ఇది మామూలు మనిషికైతే తల గోడకేసి కొట్టుకునే సంగతి. సంఘానికి మాత్రం ఇందులో చిక్కేమీ కనబడలేదు.

"జీపు బురద దగ్గరికి వెళ్ళలేనప్పుడు బురదే జీపు దగ్గరికి రావాలి," అన్నారు భానుమూర్తి గారు. చెప్పాక ఆ వాక్యం ఆయనకే నచ్చి, ఇంకోసారి చెప్పి రాయించారు.

"గేటెదురుగా టీకొట్టు కాడ కాలవుంది గదండీ," అన్నాడు బొంజుబాబు. "కావలసినంత బురద. తట్టతో ఎత్తీసుకోడమే."

"అది టీకొట్టు బురద. మన వాహనం తిరిగేది పనసలమెట్టలో. పరీక్షకు సంబంధిత బురద కావాలి."

సంబంధిత బురద ఎండాకాలంలో ఉండదు. కాబట్టి వానల దాకా ఆగారు. ఊరికే ఆగలేదు. వారానికో సమావేశం పెట్టి ఆగారు. బురద చిక్కదనం మీద ఒక సమావేశం. రంగు మీద ఒకటి. ఆవుపేడ కలిసిన బురదను బురదగా గుర్తించాలా వద్దా అన్నదాని మీద రెండు. ఫైలు ఒక సంపుటం నిండి రెండోదానికి, రెండు నిండి మూడోదానికి ఎగబాకింది. మొదటి సంపుటం మొదటి కాగితం మాత్రం పనసలమెట్ట అర్జీ. రోడ్డు కావాలని, కింద అరవై రెండు వేలిముద్రలు. దాని మీద ఇంత మంది ఇన్ని కాగితాలు పేర్చారు, అడుగున ఏముందో ఎవరికీ గుర్తు లేదు.

జ్యేష్ఠంలో తొలకరి పడింది. బురద తెమ్మని ఉత్తర్వు వెళ్ళింది. ఎలా తేవాలి? రోడ్డు లేదు. జీపు కదలదు. ఇక మిగిలింది ఒకటే.

ఒక మధ్యాహ్నం బొంజుబాబు గేటు దగ్గర నిలబడి చూస్తుండగా కొండ బాట మీంచి రెండు డోలీలు దిగాయి. ఎవరికి ఏమైందో అని చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. ముందు డోలీ మోస్తున్నవాడు చిలకమ్మ మొగుడు సుక్రు. కుర్రాళ్ళంతా పనులకు వలస పోగా ఊళ్ళో ఇంకా భుజం గట్టివాళ్ళు నలుగురే మిగిలారు. ఆ నలుగురూ ఇక్కడే ఉన్నారు.

"ఎవులికి బావా? ఏటైంది?"

సుక్రు ఆగి, భుజం మార్చుకుని, చెమట విదిల్చాడు.

"ఎవులికీ ఏటీ కాలేదు. బురద."

బొంజుబాబు దుప్పటి తొలగించి చూశాడు. గోనెసంచిలో మెడదాకా కప్పుకుని హాయిగా పడుకుని ఉంది బురద.

"మడుసులు దిగడానికి డోలీ తప్ప గతి లేదని పన్నెండేళ్ళు ఏడిసినాం," అన్నాడు సుక్రు. "ఇప్పుడు బురదకీ అదే గతి. నయం బావా, ఇది మూలగదు."

"కూలి ఇస్తన్నారా?"

"ఇస్తన్నారు. మడిసిని మోస్తే ఏటీ లేదు, బురదని మోస్తే కూలుంది. దీనికున్న పలుకుబడి మనకెప్పుడొస్తాదో!"

*

సంచులు విప్పి ఆవరణలో పోశారు. సంఘం వంగి చూసింది. ఏడు కిలోమీటర్లు డోలీలో ఊగుతూ వచ్చేసరికి గోనె పోగుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయాయి. కుప్పగా పొడి మట్టి మిగిలింది.

"ఇది మట్టి," అని ధ్రువీకరించారు భానుమూర్తి గారు. "బురద కాదు. బురద సరఫరా చేయవలసినవారు మట్టి సరఫరా చేశారు. సంజాయిషీ అడగండి."

"నీళ్ళు పోస్తే బురదైపోద్ది బాబూ," అన్నాడు సుక్రు.

"ఏ నీళ్ళు? ఇక్కడి కుళాయి నీళ్ళా? అప్పుడది సగం లోతుపాలెం బురద అవుతుంది. కల్తీ!"

కాబట్టి గెడ్డ నీళ్ళు కావడిలో దిగాయి. ఆవరణలో సిమెంటు పగలగొట్టి, పది గజాల పొడుగున నడుము లోతు గుంట తవ్వారు. మట్టి పోసి, గెడ్డ నీళ్ళు పోసి, నలుగురు డోలీ మనుషుల చేత తొక్కించారు. మంచి బురద తయారైంది. భానుమూర్తి గారు చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాసి చూసి, "సంబంధితమే," అన్నారు.

గుంట ఒక అంచున పళ్ళెమంత లోతే ఉంది. పరీక్ష అక్కడ పెట్టారు. మొదట రబ్బరు. బొంజుబాబు జీపు దూకించాడు. ధనుంజయ పదడుగుల వెనక, మొదటి చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులా నడిచాడు. ఏడు మరకలు. తరువాత ప్లాస్టిక్, రెండో చొక్కా. అది చలికి వణికినట్టు వణికి మధ్యకు చీలింది. ముప్పై ఒక్క మరకలు, అందులో రెండు నోట్లో. కొబ్బరి పీచు వంతు వచ్చేసరికి మూడో చొక్కా తొడుక్కోనక్కరలేకుండానే పని అయిపోయింది. జీపు కదలగానే పీచు పలక ఊడి ఎగిరి వచ్చి ధనుంజయ ముఖానికి అతుక్కుంది. మూడో చొక్కా మడత విప్పకుండా అతని సంచిలోనే ఉండిపోయింది.

"రబ్బరు గెలిచినది," అని ప్రకటించారు.

"నే మొదటి రోజే సెప్పినాను గదండీ," అన్నాడు బొంజుబాబు.

"నువ్వు చెప్పింది అభిప్రాయం. ఇది ఫలితం. రెండింటికీ మూడు నెలల తేడా ఉంటుంది."

అయినా బొంజుబాబుకు సంతోషంగానే ఉంది. జ్యేష్ఠం ఇంకా పది రోజులుంది. రబ్బరు బిగిస్తే రేపే కొండ ఎక్కేయొచ్చు. చెల్లెలికి ఫోను చేసి చెప్పాడు కూడా.

మాట తొందరపడింది. రబ్బరు నల్లగా, బోసిగా ఉంటే బాగుండదని సంఘానికి తోచింది. దాని మీద సంస్థ ముద్ర ఉండాలి. ముద్ర కింద 'కొండకు అండ' అన్న నినాదం ఉండాలి. నినాదం కింద డైరెక్టరు గారి ఫోటో ఉండాలి. ఆయన వద్దన్నారు. రెండోసారి వద్దన్నారు. మూడోసారి మొహమాటపడ్డారు. నాలుగు ఫలకాల మీదా నాలుగు హరనాథ్ గార్లు చేతులు జోడించి నవ్వుతూ అచ్చయి వచ్చారు.

బిగించబోతుండగా భానుమూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు! జీపు బురదలో పోతే బురద ఎక్కడ పడుతుంది?"

"రబ్బరు మీదండి. అందుకే గదండీ రబ్బరు."

"రబ్బరు మీద ఎవరున్నారు?"

బొంజుబాబు చూశాడు. డైరెక్టరు గారు అతనికేసి నమస్కారం పెడుతున్నారు.

అత్యవసర సమావేశం జరిగింది. ఫలకం మీద బురద పడకుండా దానికి ఇంకో ఫలకం కడితే ఎలా ఉంటుందని ఒకరు అన్నారు. అప్పుడు ఆ రెండోదాని మీద ఎవరి ఫోటో వేయాలి అని ఇంకొకరు లేచారు. గంట పోయాక తీర్మానం వెలువడింది. భానుమూర్తి గారే చదివారు.

"'పంక నిరోధక ఫలకములను బురదలో వాడరాదు. బురద ఉన్న దినములలో ఫలకములను తీసి బీరువాలో భద్రపరచవలెను. ఫలకములు లేని దినములలో పద్నాలుగో నిబంధన ప్రకారము వాహనము గేటు దాటరాదు.'"

బొంజుబాబు వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు.

"అంటే వానాకాలం జీపు కదలదు. ఎండాకాలం కదుల్తాది, అప్పుడు బురదుండదు. మరి ఈ రబ్బర్లెందుకండీ?"

"ఎండాకాలంలో అందంగా ఉంటాయి," అన్నారు భానుమూర్తి గారు.

*

ఆషాఢం రెండో బుధవారం ప్రారంభోత్సవం పెట్టారు. జీపుకు పూలు, ఫలకాలకు కుంకుమ. వేదిక మీద బల్లపై నాలుగు సంపుటాల ఫైలు. ఒక్కొక్కటీ జానెడు మందం, అటూ ఇటూ మైనంగుడ్డ చుట్టిన చెక్క అట్టలు, తెల్ల నాడాలు. నాలుగింటికీ బంతిపూల దండలు. గుంటలో కొత్త బురద ఉండాలని డోలీ మనుషులు నలుగురినీ పొద్దున్నే రప్పించారు. రెండు డోలీల తాజా బురద పోసి, గేటు పక్కన చతికిలబడి ఉన్నారు వాళ్ళు.

పదిన్నరకు వాన మొదలైంది. సన్నగా కాదు, కొండ విరిగి పడినట్టు.

"బురద దినము!" అని అరిచారు భానుమూర్తి గారు. నలుగురు గుమస్తాలు గొడుగులు పట్టుకుని పరుగెత్తి, నాలుగు ఫలకాలూ విప్పి, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి భానుమూర్తి గారి జేబులోకి పోయింది. ప్రారంభోత్సవం రోజునే జీపు మళ్ళీ ఖైదీ అయింది.

అదే సమయానికి డైరెక్టరు గారి కారు గేట్లోంచి లోపలికి వచ్చింది. ఆవరణంతా ఒకే నీళ్ళు. సిమెంటు ఎక్కడో, గుంట ఎక్కడో తెలియలేదు. కారు ముక్కు వంచి, సంబంధిత బురదలోకి మెల్లగా, మర్యాదగా దిగిపోయింది.

ఆఫీసు ఆఫీసంతా అందులోకి దూకింది. "తోయండి! సార్‌ని ముందు తీయండి! సార్ బూట్లు!"

అప్పుడు మోగింది బొంజుబాబు ఫోను. పనసలమెట్టలో పనస చెట్టు ఎక్కితే తప్ప సిగ్నలు దొరకదు. ఎవరో వానలో చెట్టెక్కారంటేనే అర్థమైపోయింది. నర్సమ్మ గొంతు. "బొంజుబాబూ, మీ చెల్లికి నొప్పులొచ్చేసినాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, నా వల్ల కాదు. డోలీ కడదామంటే ఊళ్ళో మోసే మగోడే లేడు. మీ బావోళ్ళేరీ?"

బొంజుబాబు గేటు పక్కకు చూశాడు. మోసే మగవాళ్ళు నలుగురూ ఒంటినిండా బురదతో లేచి నిలబడి ఉన్నారు. సుక్రు అడగలేదు. ముఖం చూసి తెలుసుకున్నాడు.

"సార్!" అని గుంట ఒడ్డుకు పరుగెత్తాడు బొంజుబాబు. "బీరువా తాళం ఇప్పించండి. మా సెల్లికి కాన్పు. జీపెల్లాల."

"ఇది బురద దినము!" అని కారు వెనక నుంచి, నడుము లోతులోంచి అరిచారు భానుమూర్తి గారు. "సార్ ముఖం మీద బురద పడకూడదు!" అనేలోగా కారు చక్రం గిర్రున తిరిగి, అప్పుడే కారు దిగిన అసలు డైరెక్టరు గారి అసలు ముఖాన్ని తడి ముద్దతో కప్పేసింది. దానికి ఏ ఫలకమూ లేదు.

బొంజుబాబు ఇక అడగలేదు. వేదిక ఎక్కాడు. దండలు తీసి పక్కన పెట్టాడు. నాలుగు సంపుటాలూ చంకన పెట్టుకుని దిగాడు.

"బావా, డోలీ తాళ్ళు ఇప్పండి."

సుక్రు గబగబా విప్పాడు. నాలుగు చక్రాలు, నాలుగు సంపుటాలు. మొదటి కాన్పుకు చిలకమ్మను మోసిన తాళ్ళతో, బురదను మోసిన తాళ్ళతో, నలుగురూ వంగి నాలుగు ఫైళ్ళనూ చక్రాల వెనక బిగించి కట్టారు. మడ్‌ఫ్లాపంత పొడుగు, మడ్‌ఫ్లాపంత వెడల్పు. అతికినట్టు సరిపోయాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ సింహాద్రప్పడు గొడుగు కింద రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడే నిలబడుతున్నాడు. గడి నిండనిదే దేవుడినైనా వదలడు.

"ఫలకాలు?"

"ఏలాడతన్నాయి సూడు మామా."

సింహాద్రప్పడు వంగి, కర్రతో ఒకదాన్ని తట్టి చూశాడు. దిట్టంగా ఉంది. మళ్ళీ తట్టాడు.

"ఇదేటి సరుకురా? ఇంత గట్టిగుంది!"

"ఆఫీసు సరుకే."

"అవునవును, ఆఫీసు ముద్ర కూడా ఉంది." రిజిస్టరులో 'ఉన్నవి' అని రాసి, గేటు బార్లా తీశాడు.

డోలీ మనుషులు నలుగురినీ ఎక్కించుకుని జీపు దూకింది. వెనక నుంచి ధనుంజయ మోటారు సైకిలు మీద వెంటపడ్డాడు. "ఆగన్నా! అనుగామి లేకుండా వెళ్ళకూడదు!" అని అరుస్తున్నాడు గానీ, ఆ మాట అతను నమ్మి అంటున్నది కాదు. గెడ్డ దగ్గర మోటారు సైకిలు పడేసి జీపెక్కాడు. ఆ పైన రెండుచోట్ల చక్రం కూరుకుపోతే సుక్రువాళ్ళతో పాటు దిగి భుజం పెట్టి తోశాడు. ఎమ్మే చదివినప్పటి నుంచి భుజానికి పని దొరకడం అదే మొదలు.

చిలకమ్మను ఎత్తి జీపులో పడుకోబెట్టారు. దిగేటప్పుడు గెడ్డ పొంగుతోంది. నీళ్ళలోకి జీపు దిగగానే ఆమె అన్న భుజం పట్టేసుకుంది.

"అన్నా... ఇక్కడేరా..."

"తెలుసమ్మా. కళ్ళు మూసుకో. ఇది డోలీ కాదు." గేరు మార్చాడు. చక్రాలు నాలుగూ రాళ్ళను పట్టుకున్నాయి. జీపు గెడ్డ దాటింది.

లోతుపాలెం ఆసుపత్రిలో, వెలుగు ఇంకా ఉండగానే, ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. చుట్టడానికి పొడిబట్ట లేదు, అందరూ ముద్దగా తడిసి ఉన్నారు. ధనుంజయ సంచిలో చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరులో మడత విప్పకుండా ఉన్న మూడో తెల్లచొక్కా తీసి ఇచ్చాడు.

*

మర్నాడు విచారణ. బల్ల మీద నాలుగు సంపుటాలు. నాలుగు బురద ఇటుకల్లా ఉన్నాయి. ఒక్క అక్షరం మిగల్లేదు.

"నాలుగు నెలల శ్రమ!" అన్నారు భానుమూర్తి గారు, ఒక ఇటుకను నిమురుతూ. "ధనుంజయా, నువ్వు వెనకే ఉన్నావు కదా. చొక్కా ఏది?"

ధనుంజయ చొక్కా తెచ్చి పరిచాడు. సంఘం భూతద్దం పెట్టి చూసింది. తిరగేసి చూసింది.

"ఒకే ఒక్క మరక. పసుపు పచ్చగా ఉంది," అన్నారు డైరెక్టరు గారు. ముఖం ఎంత కడిగినా ఆయన చెవి వెనక ఇంకా కొంచెం సంబంధిత బురద ఉంది. "ఇది ఏ బురద?"

"బురద కాదు సార్," అన్నాడు ధనుంజయ, తొణక్కుండా.

"అంటే బురద మరకలు సున్నా! రబ్బరుకే ఏడు!" డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. "భానుమూర్తి గారూ, ఇది డేటా!"

వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. ఇకపై కొండ వాహనాలన్నింటికీ ఫైళ్ళనే ఫలకాలుగా వాడాలి. ఒక్కో బండికి నాలుగు సంపుటాలు, జానెడుకు తగ్గని మందం. అంత మందం ఫైళ్ళు తయారయ్యేందుకు ప్రతి మండలంలోనూ ఒక సంఘం వేయాలి. బొంజుబాబుకు ఒకే రోజున ఒక మెమో, ఒక ప్రశంసాపత్రం వచ్చాయి. రెండింటి మీదా సంతకం ఒకరిదే.

పదకొండో రోజున అతను చెల్లెల్ని, మేనకోడల్ని జీపులో ఊరికి తీసుకెళ్ళాడు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది. అందరూ బిడ్డను చూస్తుంటే బుల్లెమ్మ అనే ముసలమ్మ మాత్రం వెనక చక్రం దగ్గర చేరింది. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

"ఇదేట్రా, ఈ ఏలాడేది?"

"ఫైలు మామ్మా. మన అర్జీ ఇందులోనే ఉండేది."

"మన ఏలిముద్రలు?"

"బురద తినేసింది."

బుల్లెమ్మ కాసేపు ఆ బురద ముద్దను చూసింది. నోట్లో మిగిలిన రెండు పళ్ళూ కనబడేలా నవ్వింది.

"ఫైలు కదిలింది, ఫైలు కదిలింది అని పన్నెండేళ్ళు సెప్పినారు. ఇయాల మా ఊరు దాకా వొచ్చీసింది, మంచిదే!"

ఆ తరువాత నవ్వు ఆపింది. అట్ట మీదున్న తడి బురదలో బొటనవేలు అద్ది, పక్కనే శుభ్రంగా ఉన్న చోట గట్టిగా నొక్కింది.

"కిందకెల్లినప్పుడు ఇది సూపించు. జీపు ముట్టింది, ఇప్పుడు రోడ్డు సంగతి సెప్పమన్నానని సెప్పు."

ఆమె వెనకాల సుక్రు నిలబడ్డాడు, బొటనవేలు పైకెత్తి. అతని వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు.